చెట్టు పోయాక మట్టిలో మిగిలేది

(నాథన్ ఆగస్టస్ కాబ్ స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



స్మారకోపన్యాసం అన్నాక ముందు ఆ మనిషిని తలచుకోవడం ఆనవాయితీ. కాబ్ అనే పేరు వినగానే మన వ్యవసాయ కళాశాలల్లో చదివినవాళ్లకు గుర్తొచ్చేది ఫొటో కాదు, బకెట్. తోటలోంచి తెచ్చిన మట్టి 200 సీసీ కొలిచి బకెట్లో పోస్తారు. నీళ్లు పోసి గడ్డలు చిదిపి చేత్తో గట్టిగా తిప్పుతారు. అర నిమిషం ఆగితే ఇసుక, గులకరాళ్లు అడుక్కి చేరతాయి. పైనున్న బురదనీటిని మాత్రం పెద్ద కన్నాల జల్లెడ మీంచి మొదలుపెట్టి సన్న కన్నాల జల్లెడ దాకా ఒకదాని తర్వాత ఒకదాని మీదుగా వంచుతారు. చివరి జల్లెడలో మిగిలిన సన్నటి మడ్డిని బీకరులోకి కడిగి, తీగ వల మీద పరిచిన టిష్యూ కాగితం మీద పోసి, అడుగు నీటికి తగిలేలా పళ్లెంలో పెడతారు. తెల్లారేసరికి బతికున్న నులిపురుగులు కాగితం దాటి పళ్లెంలోకి దిగుతాయి. మైక్రోస్కోపు కింద పెడితే సన్నటి గాజుపోగులు మెలికలు తిరుగుతున్నట్టు ఉంటుంది. ఈ పద్ధతిలో జల్లెడల వంతు కాబ్‌ది. కాగితం వంతుకు మూలం 1917లో డచ్చివారి జావాలో పనిచేసిన బేర్‌మన్ వాడిన గరాటు.

బతికున్నవే దిగుతాయన్న మాటను గుర్తుంచుకోవాలి. చివర్లో దానితో పనుంది.

కాబ్ 1859లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో స్పెన్సర్ అనే ఊళ్లో పుట్టాడు. కొన్నాళ్లు పంతులుగా పనిచేసి, జర్మనీలోని యేనా వెళ్లి 1888లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. అక్కణ్ణించి ఆస్ట్రేలియా చేరి న్యూ సౌత్ వేల్స్ వ్యవసాయ శాఖలో మొక్కల తెగుళ్లు చూశాడు. తర్వాత హవాయి చెరకు తోటలు, 1907 నుంచి వాషింగ్టన్. 1932లో కన్నుమూశాడు. నులిపురుగుల అధ్యయనాన్ని ‘నెమటాలజీ’ అనే ప్రత్యేక శాస్త్రంగా పేరు పెట్టి నిలబెట్టినవాడు ఆయనే. ఆయన వర్ణించిన పురుగుల్లో రెండు ఈ ఉపన్యాసానికి ముఖ్యం. 1893లో ఫిజీ దీవుల అరటి వేర్లలో చూసినది వేరు తొలిచే నులిపురుగు, రాడోఫోలస్ సిమిలిస్. 1913లో కాలిఫోర్నియా నారింజ వేర్లలో చూసినది నిమ్మ నులిపురుగు, టైలెంకులస్ సెమిపెనెట్రాన్స్. మొదటిది వేరు లేకపోతే ఆర్నెల్లకు మించి బతకదు. రెండోది ఏళ్లకేళ్లు మట్టిలో కాచుకుని కూచుంటుంది. అయినా రెండూ తోటల్ని పీడిస్తూనే ఉన్నాయి. ఎలాగన్నదే ఈ సాయంత్రం విషయం.

*

ముందు నిమ్మ నులిపురుగు. 1912లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో హాడ్జెస్ అనే తోటల ఇన్‌స్పెక్టరు నారింజ వేర్ల మీద దీన్ని మొదట గమనించాడు. మరుసటేడు కాబ్ దానికి పేరు పెట్టాడు. సెమిపెనెట్రాన్స్ అంటే సగం చొచ్చుకున్నది. ఆడపురుగు తల, మెడ పీచువేరు కండలోకి దూర్చి అక్కడే స్థిరపడుతుంది. వెనక సగం ఉబ్బి వేరు బయటే ఉండిపోతుంది. అక్కణ్ణించి జిగురు కార్చి, ఆ జిగురులో 75 నుంచి 100 దాకా గుడ్లు పెడుతుంది. జిగురుకు మట్టిరేణువులు అంటుకుంటాయి. బత్తాయి చెట్టు పాదులో జానెడు లోతున ఓ గుప్పెడు పీచువేర్లు తీసి నీళ్లలో జాడించి చూడండి. ఆరోగ్యంగా ఉన్న వేరు కడగ్గానే లేత పసుపు రంగుకు తేలుతుంది. పురుగు పట్టిన వేరు ఎంత కడిగినా మట్టి కొట్టుకుపోయినట్టే, మామూలు కంటే లావుగా, ముతగ్గా ఉంటుంది. ఈ తెగులుకే ప్రత్యేకమైన, కంటికి కనిపించే గుర్తు అదొక్కటే. చెట్టు మీద కనిపించేదల్లా ఆకు చిన్నబోవడం, కొమ్మల చివర్లు ఎండటం, కాయ సైజు తగ్గడం. ఎరువు చాలలేదనో నీళ్లు చాలలేదనో రైతు అనుకునే లక్షణాలే అన్నీ. అందుకే ఇంగ్లీషులో దీన్ని ‘స్లో డిక్లైన్’ అన్నారు, నెమ్మదిగా దిగజారిపోవడం అని.

చెట్టు తీసేస్తే ఈ పురుగు పోవాలి కదా? ఇది తినే పంటలు చాలా తక్కువ. నిమ్మజాతి చెట్లు, ద్రాక్ష, ఆలివ్, పెర్సిమన్ లాంటివి కొన్నే. మరి ఫ్లోరిడాలో నారింజ చెట్లు పెరికేసిన తొమ్మిదేళ్లకు కూడా అదే నేలలో ఇది బతికి దొరికిందని 1964లో అచ్చయిన పరిశీలన చెబుతోంది. తొమ్మిదేళ్లంటే మన బత్తాయి తోట మొక్క దశ దాటి మంచి కాపుకు వచ్చేంత కాలం.

దీని బతుకుతెరువులో మొదటి కిటుకు పొదుపు. గుడ్డులోంచి వచ్చే పిల్లపురుగు పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. ఒంటినిండా కొవ్వుచుక్కలు దాచుకుని పుడుతుంది. మగపిల్లకు వేరు అక్కర్లేదు. ఏమీ తినకుండానే వారం రోజుల్లో కుబుసాలు విడిచి పెద్దదైపోతుంది. ఆడపిల్ల సంగతి వేరు. పీచువేరు దొరికి దాన్ని కొరికేదాకా ఒక్క కుబుసమూ విడవదు, అంగుళం పెరగదు, ముసలిదీ కాదు. దాచుకున్న కొవ్వును గీచిగీచి వాడుకుంటూ మట్టి కణాల మధ్య నీటి పొరలో పడి ఉంటుంది.

రెండోది గుడ్ల జిగురు. బయట మట్టి ఎండినా జిగురు లోపలి తేమను తొందరగా వదలదు. గుడ్లన్నీ ఒకేసారి పగలవు కూడా. కొన్ని ఈ తడికి, కొన్ని పై తడికి. విత్తనాలన్నీ ఒకే వానకు చల్లెయ్యని మెట్ట రైతు లెక్క అది.

మూడోది ఎండు నిద్ర. దీని చరిత్ర పాతది. 1743లో ఇంగ్లండులో నీధమ్ అనే ఆయన నల్లబడి గట్టిపడ్డ గోధుమ గింజను చీల్చి, లోపలి తెల్లటి పీచు మీద నీటిచుక్క వేశాడు. ఆ పీచు కదిలింది. ఎండిపోయి ఉన్న నులిపురుగులే ఆ పీచు. ఒంట్లో నీరు దాదాపు అంతా వదిలేసి, ట్రిహలోజ్ అనే చక్కెరను కణాల్లో నింపుకుని, చుట్టచుట్టుకుని పడుకోవడం వాటి విద్య. 28 ఏళ్లు నిలవ ఉంచిన గోధుమ గింజల్లోంచి అవి లేచాయి. ఎండుమొక్కల భద్రాలయంలోని రై పైరు నమూనాలో 39 ఏళ్ల తర్వాత లేచిన నులిపురుగు సంగతి 1946లో రాశారు. సైబీరియా మంచునేలలో 46,000 ఏళ్లు నిద్రపోయి లేచినదాని గురించి 2023లో పేపర్లన్నీ రాశాయి.

ఈ కథలు వినడానికి బాగుంటాయి గానీ తోట రైతును తప్పుదారి పట్టిస్తాయి. ఆ రికార్డులన్నీ గింజలో, ఆకులో, మంచులో ఉండేవాటివి. వేరును నమ్ముకున్న నులిపురుగులకు ఆ విద్య కొంతవరకే అబ్బింది. మట్టి మెల్లగా ఎండితే తట్టుకుంటాయి, హఠాత్తుగా ఎండితే చస్తాయి. వేసవి దుక్కుల్లో మట్టి తిరగేసి రోహిణి ఎండకు పెడితే పై పొరలో వాటి సంఖ్య పడిపోయేది అందుకే. అడుగు లోతు దాటితే ఆ ఎండ చేరదు.

ఇంకొక సంగతి ఫ్లోరిడా ప్రయోగాల్లో బయటపడింది. నారింజ చెట్టు వేర్లు కొన్ని తడి మట్టిలోనూ కొన్ని పొడి మట్టిలోనూ ఉన్నప్పుడు, తడి వైపు వేర్లు తాగిన నీరు రాత్రిపూట పొడి వైపు వేర్లకూ చేరుతుంది. ఆ వేర్లను పట్టుకున్న నిమ్మ నులిపురుగు పొడి మట్టిలోనే హాయిగా పెరిగింది. డ్రిప్పు పడని చోట నేల నెర్రెలిచ్చి ఉంటే పురుగు చచ్చి ఉంటుందని అనుకోవడానికి లేదు. దానికి చెట్టే నీళ్లు మోసి పెడుతుంది.

*

ఇక వేరు తొలిచే నులిపురుగు. దీనికి జిగురు సంచీ లేదు, ఎండు నిద్ర రాదు. వేరు లోపలే తిరుగుతుంది, అక్కడే తింటుంది, అక్కడే గుడ్లు పెడుతుంది. వేరు కుళ్లితే బయటికొచ్చి పక్క వేరు వెతుక్కుంటుంది.

ఫ్లోరిడా నడిమిగడ్డ ఇసుక మెరకల మీది నారింజ తోటల్లో 1920ల నుంచి వింత తెగులు కనిపించేది. తోటలో ఒక మూల చెట్లు ఆకు రాల్చి, కాయ చిన్నదై వాడిపోతాయి. ఏడాది తిరిగేసరికి ఆ మచ్చ సుమారు 15 మీటర్లు ముందుకు జరుగుతుంది. పైపైన తవ్వి చూస్తే వేర్లు బాగానే ఉంటాయి. లోతు వేర్లే పోతాయి. అసలు దోషిని సూట్, డ్యూచార్మ్ 1953లో పట్టుకున్నారు. కాబ్ అరవై ఏళ్ల కింద ఫిజీ అరటిలో చూసిన పురుగే అది.

ప్రభుత్వం రంగంలోకి దిగింది. మచ్చలోని చెట్లతోపాటు మచ్చ చుట్టూ పచ్చగా ఉన్న వరసలు కూడా కూలదోసి కాల్చారు. నేలలోకి డి-డి అనే విషవాయు ద్రవాన్ని దించారు. పొలాన్ని ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా ఖాళీగా ఉంచారు. తోటకూ తోటకూ మధ్య ఒక్క వేరు కూడా దాటకుండా పట్టీలు గీసి, వాటిలో ఇథిలిన్ డైబ్రోమైడ్ పోస్తూ పోయారు. ఆర్నెల్లకు మించి బతకని పురుగు మీద ముప్ఫై ఏళ్ల యుద్ధమిది. 1983లో ఆ మందు భూగర్భ జలాల్లో తేలింది. దానితో పట్టీల కార్యక్రమం ఆగిపోయింది.

ఆర్నెల్ల ఆయుష్షుకు ముప్ఫై ఏళ్లు ఎందుకు పట్టాయన్న ప్రశ్నకు జవాబు కాండం పీకితే కనిపించదు. చెట్టును కూలదోసినా మనిషి లోతున్న వేరు తునకలు చావవు. తమలో దాచుకున్న పిండి పదార్థం మీద నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతుకుతాయి. ద్రాక్షలో ఈ సంగతి మరింత తేటగా తెలిసింది. ద్రాక్ష ఆకుల్ని విసనకర్రలా మార్చే వైరస్‌ను మోసేది జిఫినిమా ఇండెక్స్ అనే నులిపురుగని 1958లో కాలిఫోర్నియాలో హ్యూయిట్ బృందం తేల్చింది. మొక్కల వైరస్‌ను నులిపురుగు మోస్తుందని రుజువు కావడం అదే మొదలు. తీగలు పీకేసిన తోటల్లో తవ్వితే ఐదేళ్ల తర్వాత కూడా బతికున్న వేర్లు దొరికాయి. ఇటు ఫ్రాన్సులో ఏ మొక్కా లేకుండా నిలవ ఉంచిన మట్టిలో నాలుగేళ్లకు కూడా ఆ పురుగు, దాని ఒంట్లోని వైరస్ రెండూ చెక్కుచెదరలేదు. పాత ద్రాక్షనేలను పదేళ్లు బీడు పెట్టమన్న సలహా ఊరికే పుట్టలేదు.

గింజ పంటకూ చెట్టు పంటకూ ఉన్న తేడా ఇదే. వేరుశనగ పీకితే పొలం ఖాళీ అవుతుంది. తోట నరికితే సగం తోట భూమిలోనే ఉంటుంది. నులిపురుగు మొండితనం అని మనం తిట్టుకునేదాంట్లో పెద్ద పాలు ఆ మిగిలిన వేరుదే.

*

మందు చల్లి దీన్ని చంపలేమా అని ప్రతి సభలోనూ అడుగుతారు. చెట్టు నిలబడి ఉండగా వేర్ల చుట్టూ పోసినా చెట్టు చావకుండా పురుగు చచ్చే మందు ఒకటి 1950లలో దొరికింది. దాని పేరు డీబీసీపీ, అంగడి పేరు నెమగాన్. కాలిఫోర్నియా ద్రాక్ష, పీచ్ తోటల నుంచి మధ్య అమెరికా అరటి తోటల దాకా దాన్ని కుమ్మరించారు. 1977లో కాలిఫోర్నియాలోని లాథ్రాప్ ఫ్యాక్టరీలో ఆ మందు తయారుచేసే కార్మికులు తమకు పిల్లలు పుట్టడం లేదన్న సంగతి ఒకరితో ఒకరు చెప్పుకోబట్టి పరీక్షలు జరిగాయి. వాళ్లలో వీర్యకణాలు పడిపోయినట్టు తేలింది. 1979లో అమెరికా నేల మీద ఆ మందు దాదాపు పూర్తిగా ఆగింది. కోస్టారికా, నికరాగువా అరటి కూలీలు కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగారు. మన దగ్గర పాదుల్లో చల్లిన ఫోరేట్ గుళికలకు 2020 డిసెంబరు చివరితో చెల్లుచీటీ ఇచ్చారు. నులిపురుగును చంపేటంత విషం నీటిలో కరిగి లోతుకు దిగాలి. లోతుకు దిగిన విషం బావిలోకీ దిగుతుంది. ఈ ముడి ఇంతవరకు ఎవరూ విప్పలేదు.

*

ఇక మన గడ్డకు వద్దాం. వేర్ల మీద బుడిపెలు లేపే మరో జాతి, వేరుబుడిపె నులిపురుగు, గురించి దక్షిణ భారతంలో తొలి నివేదిక 1901 నాటిది. నీలగిరుల్లోని దేవాల టీ తోటలో మద్రాసు ప్రెసిడెన్సీ ఉద్యోగి బార్బర్ చూసి రాశాడు. నిమ్మ నులిపురుగును 1961లో అలీగఢ్‌లో సిద్దిఖీ గుర్తించాడు. నల్గొండలో బత్తాయి అన్నా, అనంతపురంలో చీనీ అన్నా అది సాత్‌గూడి నారింజే. మన అంట్లు కట్టేది రంగపూర్ నిమ్మ మీద, లేదంటే జంబేరి మీద. ఈ రెండు వేరుమూలాలూ పురుగును అడ్డుకోలేవు. మూడాకుల నారింజ, దానితో సంకరం చేసిన స్వింగిల్ సిట్రుమెలో అడ్డుకుంటాయి గానీ సున్నం ఎక్కువున్న నేలల్లో అవి ఆకు పసుపెక్కి నీరసిస్తాయి. రాయలసీమ నేలల్లో అది చిన్న చిక్కు కాదు.

జామ సంగతి ఇంకా కొత్తది, ఇంకా ఘాటైనది. చైనాలోని హైనాన్ దీవిలో ఒక చెట్టు వేర్లలో చూసి 1983లో పేరు పెట్టిన వేరుబుడిపె నులిపురుగు, మెలాయిడోగైనీ ఎంటరోలోబీ, 2001 నాటికి బ్రెజిల్ జామతోటల్లో కనిపించింది. మన దేశంలో తమిళనాడు జామలో ఉన్నట్టు 2016లో రాశారు. తర్వాత ఇతర రాష్ట్రాలకూ పాకింది. మిల్లీమీటరులో సగం లేని పురుగు సముద్రాలు దాటి నడిచి రాలేదు. నర్సరీ కవరులో మట్టితో సహా లారీ ఎక్కి వచ్చింది. తైవాన్ జామ మీద మోజు పెరిగి మొక్కలు వేల లెక్కన ఊళ్లు దాటుతున్న రోజులివి. వేరుబుడిపె ఆడపురుగు ఒక్కటి మూడు నాలుగు వందల గుడ్లు పెడుతుంది. జామ వేరు పట్టుకుని చూస్తే రుద్రాక్షలు గుచ్చినట్టు బుడిపెలు. దానిమ్మకు పట్టేది దాని దాయాది, ఇన్‌కాగ్నిటా.

ఇక్కడొక తిరకాసు ఉంది. నిమ్మ నులిపురుగు ఉన్న నేలలో చెట్లు తీసి కొన్నేళ్లు కూరగాయలు పండిస్తే మంచిదే, వాటిని అది తినదు. వేరుబుడిపె పురుగున్న జామ, దానిమ్మ నేలలో అదే పని చేస్తే కొంప మునుగుతుంది. టమాట, వంగ, మిరప దానికి విందు. ఏ పంటా వెయ్యకుండా వదిలినా గట్ల మీది కామంచి దాన్ని పోషిస్తుంది. లేత తోటలో నడిమి పంటగా టమాట పెట్టి నాలుగు డబ్బులు చూసుకుందామనుకున్న రైతు, ఆ టమాట వేర్ల మీదే జామకు శత్రువును పెంచుతాడు. పురుగు పేరు తెలియకుండా చెప్పిన సలహా అందుకే సలహా కాదు.

చెయ్యదగిన పనులు లేకపోలేదు. పాత తోట తీసేటప్పుడు జేసీబీతో మొద్దులు లేపి ఊరుకోకుండా, లోతుగా దున్ని తేలిన వేర్లు ఏరి కాల్చాలి. ఎండాకాలంలో తడిపిన నేల మీద పల్చని ప్లాస్టిక్ షీటు కప్పి మట్టిని ఉడకబెట్టే పద్ధతి 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త కటాన్ లోకానికి చూపినది. పొలమంతటికీ అది ఖర్చు, నర్సరీ మట్టికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. బంతి వేర్లలోని పదార్థం నులిపురుగులకు పడదని 1958లోనే తేలింది. వేపపిండి, పశువుల ఎరువులో పెంచి పాదుకు వేసే, గుడ్లను తినే పర్‌ప్యురియోసిలియం శిలీంధ్రం సంఖ్యను అదుపులో పెడతాయి. వీటిలో ఏదీ పురుగును నిర్మూలించదు. నిర్మూలిస్తుందని చెప్పి అమ్మేవాడి మాట నమ్మకండి.

ఫ్లోరిడా చివరికి గెలిచింది ఎక్కడంటే నర్సరీలో. 1950ల నుంచి నర్సరీ నేలను ముందే పరీక్షించి, శుభ్రమని తేలిన చోటే మొక్కలు పెంచాలని నిబంధన పెట్టారు. కొత్త తోటలకు పురుగు చేరడం బాగా తగ్గింది. కోట్లు పోసి నేలలోకి దించిన విషం కంటే ఆ నిబంధన ఎక్కువ పనిచేసింది. మన రాష్ట్రాల్లో అంటు మొక్కకు రకం పేరుతో చీటీ కడుతున్నారు, వేరు శుభ్రమని చీటీ కట్టే పద్ధతి ఇంకా రావాలి. ఆ డిమాండు రైతు సంఘాల నుంచే పుట్టాలి.

మొదట్లో చెప్పిన కాబ్ జల్లెడ మాటకు వస్తే, బతికి కదిలేవే పళ్లెంలోకి దిగుతాయి. గుడ్లలో ఉన్నవి, చుట్టచుట్టుకుని నిద్రపోతున్నవి దిగవు. మే నెలలో ఎండిన మట్టి తెచ్చి పరీక్షకిస్తే ‘ఏమీ లేవు’ అని రాసిన కాగితం రావచ్చు. ఆ కాగితం నమ్మి మొక్క పెట్టినవాడు మూడేళ్లకు తెలుసుకుంటాడు.

కాబట్టి రైతులకు ఒక్క విన్నపం. వానలు పడి నేల పదునుగా ఉన్నప్పుడు, పది పన్నెండు పాదుల్లోంచి జానెడు లోతున, పీచువేర్లతో సహా మట్టి తియ్యండి. కలిపి అరకిలో పాలిథిన్ సంచిలో కట్టి, ఎండ తగలకుండా దగ్గరి వ్యవసాయ లేదా ఉద్యాన పరిశోధన స్థానానికి ఇవ్వండి. ఏ పురుగో పేరు రాసి ఇమ్మని అడగండి. నర్సరీకి వెళ్లినప్పుడు లారీ లోడుకు డబ్బు కట్టకముందే ఒక్క మొక్క మాత్రం కొని, కవరు అక్కడే కోసి, వేర్లు బకెట్ నీళ్లలో కడిగి చూడండి. బుడిపెలున్నా, కడిగినా మట్టి వదలకపోయినా ఆ లారీ మీ ఊరికి రానివ్వకండి.